తాళం మార్చిన ఇల్లు, తేలని మనోవర్తి: రాయలసీమ కోర్టులకు, అధికారులకు ఒక తండ్రి బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల్లో కుటుంబ కేసులు వినే జడ్జిలకు, గృహహింస కేసులు వినే మేజిస్ట్రేట్లకు, రక్షణాధికారులకు, పోలీసు అధికారులకు, కలెక్టర్లకు, న్యాయ సేవాధికార సంస్థలకు, వకీళ్ల సంఘాలకు,

నమస్కారం.

నాది కడప జిల్లా, మైదుకూరు దగ్గర ఒక పల్లె. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. కేసీ కెనాల్ కింద ఎకరా పొలం, నెలకు మూడు వేల చిల్లర పీఎఫ్ పెన్షన్ ఉన్నాయి. రెండేళ్లుగా నా కూతురు, ఎనిమిదేళ్ల మనవడు మా ఇంట్లోనే ఉంటున్నారు. అల్లుడు వేసిన విడాకుల కేసు నడుస్తోంది. ఏ కోర్టు, ఏ ఊరు అన్నది రాయను. ఒక్కరిని వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు.

సోమవారం అర్జీల రోజున రెండుసార్లు అర్జీ ఇచ్చాను. "కోర్టులో ఉన్న విషయం, మేం కలగజేసుకోలేం" అన్నారు. కోర్టులో అడిగితే "మీ వకీలుతో చెప్పుకోండి" అన్నారు. వకీలు గారు "వచ్చే వాయిదాకు చూద్దాం" అన్నారు. రిజిస్టర్ పోస్టులో మూడు ఉత్తరాలు పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగొచ్చాయి కానీ జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

విడాకులు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు తేలుస్తుంది. దానికి సాక్షులు, విచారణ, అప్పీళ్లు ఉంటాయి, ఏళ్లు పడుతుందని మాకూ తెలుసు. నేనడిగేది దాని గురించి కాదు. అది తేలేలోపు ఇంట్లోంచి బయటపడ్డ ఆడమనిషి ఎక్కడ పడుకోవాలి, బిడ్డకు ఏం పెట్టాలి అన్నదే నా ప్రశ్న. చట్టంలో దీనికి జవాబు ఉంది, గడువుతో సహా ఉంది. ఆ గడువు మా జిల్లాల్లో ఎవరికీ పట్టడం లేదు.

మా పాపకు 2015లో పెళ్లయింది. అత్తగారిది రెండంతస్తుల ఇల్లు, అత్తగారి పేరు మీదే ఉంది. తొమ్మిదేళ్లు ఆ ఇంట్లోనే కాపురం చేసింది. 2024 ఫిబ్రవరి 11, ఆదివారం, మా అన్న మనవరాలికి పేరు పెడుతుంటే పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. సాయంత్రం తిరిగి పోయేసరికి గేటుకు కొత్త తాళం ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఎవరూ ఫోన్ ఎత్తలేదు. పక్కింటివాళ్ల అరుగు మీద రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని చివరి బస్సుకు మా ఊరొచ్చింది. చేతిసంచిలో పిల్లాడివి ఒక జత బట్టలు, సగం తాగిన నీళ్ల సీసా ఉన్నాయి.

పది రోజులకు విడాకుల నోటీసు వచ్చింది. పిటిషన్ మీద తేదీ జనవరి 2024. అందులో మా పాప చిరునామాగా మా ఊరు, మా ఇంటి నంబరు రాశారు. జనవరిలో ఆమె ఆ ఇంట్లోనే అందరికీ వంట చేసి పెడుతోంది. సంక్రాంతికి ఆ వాకిట్లో ముగ్గు కూడా తనే వేసింది. అంటే తాళం మార్చడం కోపంలో జరిగిన పని కాదు. నెల ముందే కాగితం మీద ఆమెను ఇంట్లోంచి పంపేశారు, ఆ తర్వాత తలుపు వేశారు. ఈ ఒక్క సంగతి మా వైపు వకీలు గారు మొదటి రోజే కోర్టుకు చెప్పారు. దాన్ని ఎవరైనా చదివి చూశారో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

2024 మార్చి 18న గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర డీవీసీ (గృహహింస కేసు) వేశాం. ఇంట్లో ఒక గది ఇవ్వండి, లేదంటే బయట అద్దె కట్టండి, లోపల ఉండిపోయిన వస్తువులు ఇప్పించండి అని అడిగాం. ఏప్రిల్‌లో విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర మనోవర్తికి, అంటే కేసు తేలేలోపు బతకడానికి భర్త నెలనెలా ఇచ్చే డబ్బుకు, ఐఏ (మధ్యంతర అర్జీ) వేశాం.

చట్టం చెప్పేది నేను వకీలు గారి దగ్గర, మా మండలంలో జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో అడిగి రాసుకున్నాను. గృహహింస చట్టం 2005 సెక్షన్ 12 ప్రకారం అర్జీ అందిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలి. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో అర్జీ తేల్చడానికి ప్రయత్నించాలి. ఈలోపు సెక్షన్ 23 కింద, అఫిడవిట్ చూసి, అవతలివాళ్లు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. నోటీసు రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితురాలికి సాయం చేయడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి) ద్వారా రెండు రోజుల్లో అందించాలని సెక్షన్ 13 చెప్తోంది. సెక్షన్ 24 మనోవర్తి అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని 2001లో సవరణ చేశారు. భార్యాబిడ్డలకు మనోవర్తి ఇప్పించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125కీ అదే ఏడాది అదే 60 రోజుల గడువు పెట్టారు. 2024 జూలై 1 నుంచి అది దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 144 అయింది. గడువు మారలేదు.

మాకు మొదటి వాయిదా 23 రోజులకు పడింది.

కండక్టరు కొలువులో డ్యూటీ దిగాక ప్రతి టికెట్టుకూ లెక్క చెప్పి, డిపోలో డబ్బు కట్టాకే ఇంటికి పోవాలి. ఆ అలవాటుతో ప్రతి వాయిదాకూ ఏం జరిగిందో నోటుబుక్కులో రాసి పెట్టాను. రెండు కోర్టులూ కలిపి, మనోవర్తి మీద మొదటి ఉత్తర్వు వచ్చేదాకా 23 వాయిదాలు. అందులో అవతలివాళ్లు కౌంటరు, అంటే రాతపూర్వక జవాబు, వేయడానికి టైం అడిగినవి 5. నోటీసు అందలేదని పోయినవి 4. జడ్జి గారు సెలవులో ఉండటం, లేదా బదిలీ అయి ఇన్‌ఛార్జి ఉండటం వల్ల 4. ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ వేయడానికి 3. వకీళ్లు విధులు బహిష్కరించిన రోజులు 3. రాజీ కౌన్సెలింగుకు 2. అసలు వాదనలు విన్నవి 2. ఇరవై మూడుసార్లు పోతే రెండుసార్లే మా మాట విన్నారు.

ఆ నోటీసు అందలేదన్న సంగతి కొంచెం చెప్పాలి. అదే ఇంట్లో మా అల్లుడు ఉంటున్నాడు, అదే సిమెంటు ఫ్యాక్టరీకి రోజూ డ్యూటీకి పోతున్నాడు. నాలుగు వాయిదాలు "ఇంట్లో లేడు" అని కాగితం తిరిగొచ్చింది. ఇక రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు భర్తలు కువైట్‌లో ఉన్న ఆడవాళ్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. వరండాలో మా పాప పక్కన కూర్చునే ఒకామెకు నోటీసు అందక ఏడాదిన్నర గడిచింది. భర్త మాత్రం రోజూ వాట్సాప్‌లో స్టేటస్ పెడుతూనే ఉన్నాడు. సమన్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి బీఎన్‌ఎస్‌ఎస్‌లో వీలు కల్పించారు. ఆ వీలు ఆమె కేసులో ఎవరూ వాడలేదు.

చివరికి 2025 నవంబర్‌లో నెలకు 6,000 రూపాయలు మధ్యంతర మనోవర్తి ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. అర్జీ వేసిన నాటి నుంచి 19 నెలలు. డబ్బు మాత్రం ఉత్తర్వు వచ్చిన తేదీ నుంచి కట్టమన్నారు. రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచే ఇవ్వాలి. 19 నెలలకు ఆరు వేల చొప్పున 1,14,000 రూపాయలు. ఒక్క వాక్యంతో ఆ డబ్బు పోయింది. దానిమీద మళ్లీ పైకోర్టుకు పోవాలంటే మళ్లీ ఫీజు, మళ్లీ తిరుగుడు. అవతలివాళ్లు రెండు నెలలు కట్టి ఆపేశారు.

ఆ తీర్పులోనే ఇంకొన్ని మాటలున్నాయి. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో చెప్పాలి. నాలుగు వారాల్లో వేయాలి, దానికి రెండు కంటే ఎక్కువ అవకాశాలు ఇవ్వకూడదు. కావాలని సాగదీస్తే వాళ్ల వాదనను కొట్టేయొచ్చు. అఫిడవిట్లు వచ్చాక ఎంత ఆలస్యమైనా నాలుగు నుంచి ఆరు నెలల్లో మధ్యంతర మనోవర్తి తేల్చడానికి ప్రయత్నించాలి. భార్య సంపాదిస్తోందన్నది మనోవర్తికి అడ్డు కాదు. ఇవన్నీ దేశంలో ప్రతి కోర్టుకూ వర్తిస్తాయి. మా కేసులో అవతలి వకీలు గారు మొదట వాదించింది "అమ్మాయి ప్రైవేటు స్కూల్లో 7,500 తెచ్చుకుంటోంది, ఆమెకు మనోవర్తి ఎందుకు" అని. ఆ 7,500లోంచి ఒక్కో వాయిదాకు 250 కోస్తారని ఎవరూ చెప్పలేదు. 23 వాయిదాలకు 5,750.

ఇల్లు సంగతి ఇంకా తేలనే లేదు. తాళం మార్చి రెండేళ్లు దాటింది.

అక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఆశ వదులుకుంటున్నారు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి కోడలికి అందులో ఉండే హక్కు లేదని అవతలివాళ్లు వాదించారు. పెద్దమనుషుల పంచాయితీలో కూడా మాకు అదే చెప్పారు. ఆ వాదనకు ఆధారం 2006 నాటి బత్రా కేసు తీర్పు. ఆ తీర్పును సుప్రీంకోర్టే 2020 అక్టోబర్ 15న సతీశ్ చందర్ అహూజా కేసులో తప్పని తేల్చింది. భర్త బంధువుల పేరు మీద ఉన్న ఇల్లయినా, ఆమె అక్కడ కాపురం ఉన్నదైతే అందులో ఉండనివ్వమని అడిగే హక్కు ఆమెకు ఉంది. 2022 మేలో ప్రభా త్యాగి కేసులో ఆ హక్కును ఇంకా విడమర్చి చెప్పింది. పాత తీర్పు చెల్లదని తెలిసినా కోర్టులో దాన్ని చదివే వకీళ్లు ఉన్నారు. చదివితే ఆపే బాధ్యత బెంచి మీద కూర్చున్నవారిది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకుంటాను. నేనూ ముసలివాణ్ణే. వయసు మళ్లిన అత్తమామల ఇంట్లో కోడలు గొడవ పెట్టుకుని ఉండాలని నేను కోరుకోను. అహూజా తీర్పు కూడా ఆ హక్కు అపరిమితమని చెప్పలేదు, ఇంటి పెద్దల ప్రశాంతతనూ చూడమంది. చట్టం అందుకే రెండో దారి పెట్టింది. ఇంట్లో ఉంచడం కుదరకపోతే ఆమె అలవాటుపడిన స్థాయిలో వేరే ఇల్లు చూపాలి, లేదా అద్దె కట్టాలి. సెక్షన్ 19లో ఉంది ఇది. ఆ ఇంటి పై అంతస్తు అద్దెకు ఇస్తున్నారు. ఆ అద్దెలో సగం ఇప్పించినా మా పాప, పిల్లాడు స్కూలు దగ్గర ఒక గది తీసుకుని బతికేవాళ్లు. మేం అడిగేది అంతవరకే.

కానీ అడుగుతుండగానే 2024 డిసెంబర్‌లో ఆ ఇంటిని చిన్న కొడుకు పేరు మీద గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేశారు. ఆ ఇంటిని అమ్మకూడదు, వేరొకరికి ఇవ్వకూడదు అని ఆదేశించే అధికారం అదే సెక్షన్ 19లో మేజిస్ట్రేటుకు ఉంది. మా అర్జీలో అది అడిగాం. అప్పటికి తొమ్మిది నెలలుగా అర్జీ ఫైల్లోనే ఉంది.

ఈ ఆలస్యం వల్ల మామూలు కుటుంబంలో ఏం జరుగుతుందో వరసగా చెప్తాను. ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. వరండాలో కూర్చున్న ప్రతి ఆడబిడ్డనూ అడగండి.

1. సర్టిఫికెట్లు. మా పాప బీఈడీ చేసింది, టెట్ పాసైంది. టెన్త్ మెమో నుంచి బీఈడీ దాకా అన్ని ఒరిజినల్స్ ఆ ఇంట్లో బీరువాలో ఉండిపోయాయి. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మా రాయలసీమలో ప్రతి బీఈడీ ఇంట్లో ఆ రోజు పండగ వాతావరణమే. మా ఇంట్లో టెన్షన్. డూప్లికేట్ తీసుకుందామంటే "పోగొట్టుకున్నాను" అని రాసివ్వాలి. అవి పోలేదు కదా, ఫలానా బీరువాలో ఉన్నాయని కోర్టుకే చెప్పాం. ఒక చోట ఉన్నాయని, ఇంకో చోట పోయాయని రాస్తే రేపు అదే కాగితం అవతలివాళ్లు పట్టుకుంటారని వకీలు గారు భయపెట్టారు. జిరాక్సులతో అప్లై చేసింది, చదువు మీద మనసు నిలవలేదు. ర్యాంకు రాకపోవడానికి అదొక్కటే కారణమని నేను అనను. కానీ స్త్రీధనం, ఆమె వస్తువులు, కాగితాలు తిరిగి ఇప్పించే అధికారం సెక్షన్ 19లోనే ఉంది. ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి గంటలో చేయించగలిగే పని అది.

2. పిల్లాడి చదువు. పాత స్కూలు టీసీకి తండ్రి సంతకం అడిగింది. మూడు నెలలు పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడు. టీసీ వెంటనే ఇవ్వాలని, అది లేదని కొత్త స్కూలు చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 5 చెప్తోంది. మా మండలంలో ఒక టీచరమ్మ ఆ సంగతి చెప్పి, తనే పిల్లాణ్ణి తరగతిలో కూర్చోబెట్టింది. ఆమెకు నమస్కారం పెడుతున్నాను.

3. సచివాలయం. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే పథకాల కోసం ఎవరు ఏ కుటుంబమో సచివాలయంలో రాసే లెక్కలో, మా పాప, మనవడు ఇంకా అత్తగారి కుటుంబంలోనే ఉన్నారు. ఆ ఇంటి కరెంటు మీటరు, ఆ ఇంటి కార్లు, అన్నీ వీళ్ల లెక్కలోకే వస్తాయి. విడాకుల డిక్రీ తెస్తే విడదీస్తామన్నారు. బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడలేదు. రేషన్ ఆ ఇంటి కార్డు మీదే వస్తోంది, బియ్యం ఇక్కడ మేం కొంటున్నాం. తినేది ఒక ఇంట్లో, లెక్క ఇంకో ఇంట్లో.

4. పుట్టింటి భారం. నేను చిన్నకొడుకు పెళ్లికని దాచిన డబ్బు వకీలు ఫీజులకు పోయింది. మా పొలంలో ఈసారి పసుపు వేయలేదు, పెట్టుబడి లేదు. ఇవి నేను మోయగలను, మోస్తాను. కానీ పుట్టిల్లు లేని ఆడవాళ్లు ఉన్నారు. అనాథాశ్రమంలో పెరిగి పెళ్లి చేసుకున్న ఒక అమ్మాయి కోర్టుకొచ్చేది, కొన్నాళ్లకు రావడం మానేసింది. ఏమైందో కనుక్కునేవాళ్లే లేరు. గడువు దాటిన ప్రతి నెలా ఇలాంటివాళ్లకు మిగిలేవి రెండే దారులు. తలొంచుకుని ఆ ఇంటికే తిరిగి పోయి దెబ్బలు తినడం, లేదంటే అవతలివాళ్లు ఎంత ఇస్తే అంత తీసుకుని సంతకం పెట్టడం. అందుకే అవతలివాళ్లు వాయిదాలు అడుగుతారు. వాళ్లకు వాయిదాయే గెలుపు.

5. మా పక్క వీధిలో కుట్టుపని చేసుకునే ముస్లిం అమ్మాయికి తలాక్ ఇచ్చారు. "మీకు 125 వర్తించదు" అని పెద్దలు చెప్పి పంపేశారు. వర్తిస్తుందని 2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెకు ఆ సంగతి చెప్పింది నేను, ఒక రిటైర్డ్ కండక్టరును. చెప్పాల్సినవాళ్లు ఇంకెవరో ఉండాలి కదా.

ఇన్ని చెప్పాక ఒక మంచి కూడా చెప్పాలి. ఒక బెంచి గుమాస్తా మా పాప పిల్లాడితో వరండాలో ఎండలో నిలబడితే లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి, కేసు పిలిచేముందు తనే వచ్చి చెప్పేవాడు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకపోవడం కూడా మాకు చాలా సాయం. నేను జీవితమంతా టికెట్లు కొట్టిన బస్సులోనే మా పాప టికెట్ లేకుండా కోర్టుకు పోతోంది. పోయేటప్పుడైనా ఖర్చు తగ్గింది.

ఇప్పుడు మా డిమాండ్లు. ఇందులో కొత్త చట్టం చేయమని అడిగేది ఒక్కటీ లేదు.

1. డీవీసీ దాఖలైన రోజే, సెక్షన్ 23 కింద రెండు విషయాలైనా చూడండి: ఆమె ఇంటి బయట ఉందా, ఆ ఇల్లు చేతులు మారే ప్రమాదం ఉందా. ఉంటే, అవతలివాళ్లు వచ్చేదాకా ఆగకుండా ఇంటిని అమ్మకూడదు, రాసివ్వకూడదు అనే ఉత్తర్వు, ఆమె వస్తువులు, సర్టిఫికెట్లు ఇప్పించే ఉత్తర్వు ఇవ్వండి. ఆ కాపీ అదే రోజు సబ్ రిజిస్ట్రారుకు, పోలీసు స్టేషనుకు పంపండి. ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత ఇద్దరినీ విని తేల్చండి. ఈ ఒక్కటి జరిగి ఉంటే నేను ఈ లేఖ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

2. ప్రతి మధ్యంతర అర్జీ ఫైలు అట్ట మీద 60వ రోజు తేదీ ఎర్ర ఇంకుతో రాయండి. ఆ తేదీ దాటిన అర్జీల జాబితా నెలనెలా జిల్లా జడ్జి గారికి, హైకోర్టుకు వెళ్లాలి. ఆలస్యానికి కారణం ఒక వాక్యంలో రాయాలి.

3. కౌంటరుకు, అఫిడవిట్‌కు రెండు అవకాశాలు. మూడోసారి టైం అడిగితే ఖర్చులు కట్టించండి, లేదా సుప్రీంకోర్టు చెప్పినట్టు వాదన కొట్టేయండి.

4. మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచే ఇవ్వండి.

5. రాజీ కౌన్సెలింగు మంచిదే, మేం వద్దనడం లేదు. కానీ "ముందు రాజీ చూద్దాం, తర్వాత మనోవర్తి" అనకండి. కడుపు నిండిన మనిషి, తలదాచుకోవడానికి చోటున్న మనిషి రాజీకి కూర్చుంటే అది రాజీ అవుతుంది. ఆకలితో కూర్చుంటే లొంగుబాటు అవుతుంది.

6. ఉద్యోగం ఉన్న భర్త కట్టకపోతే ప్రతి నెలా వారెంటు చుట్టూ తిప్పకండి. జీతం ఇచ్చే యజమాని నుంచి, లేదా ఆయనకు బాకీ ఉన్నవాళ్ల నుంచి నేరుగా భార్యకు కట్టించే అధికారం గృహహింస చట్టం సెక్షన్ 20లో మేజిస్ట్రేటుకు ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు, గనులు, స్పిన్నింగు మిల్లులు, ప్రైవేటు కాలేజీలు ఇన్ని ఉన్న మన జిల్లాల్లో దీన్ని వాడితే సగం వారెంట్లు అవసరం ఉండదు. అద్దెకు ఉన్నవాళ్లు కట్టే అద్దెను కూడా ఇలాగే మళ్లించమని అడుగుతున్నాం.

7. రక్షణాధికారులకు: మీ రిపోర్టు మా కేసులో నాలుగు నెలలకు వచ్చింది. వచ్చిన అధికారి మంచివారే, కానీ ఆమెకు ఇంకో మూడు పనులున్నాయి, జీపు లేదు. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఇదే పనిగా ఒక రక్షణాధికారి ఉండాలి. నోటీసు రెండు రోజుల్లో, రిపోర్టు వారంలో ఇవ్వగలిగేలా బండి, మనిషి ఇవ్వాలి. ఇది కలెక్టర్లు, ప్రభుత్వం చేయాల్సిన పని.

8. పోలీసు అధికారులకు: ఇంట్లో ఉండనివ్వమని కోర్టు చెప్పాక ఆ ఉత్తర్వు పట్టుకుని స్టేషనుకొచ్చిన ఆడబిడ్డను "ఇది సివిల్ మ్యాటర్" అని పంపకండి. సాయం చేయమని స్టేషన్ అధికారిని ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది. ఉత్తర్వులోనే ఆ వాక్యం రాయమని జడ్జిలను కోరుతున్నాను.

9. కలెక్టర్లకు ఇంకొకటి. విడాకుల డిక్రీ వచ్చేదాకా ఆగకుండా, డీవీసీ లేదా మనోవర్తి కేసు నంబరు, రక్షణాధికారి రిపోర్టు ఉంటే చాలు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆమెను, పిల్లలను తాత్కాలికంగా విడదీయమని సచివాలయాలకు రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. నోటి మాట చాలదు, కింది సిబ్బంది భయపడతారు.

10. న్యాయ సేవాధికార సంస్థలకు: ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచిత వకీలు ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఆ సంగతి మాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. అప్పటికే నలభై వేలు కట్టాం. కోర్టు గేటు దగ్గర, బస్టాండులో, సచివాలయం గోడ మీద ఉచిత న్యాయ సాయం కోసం 15100 నంబరు, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు పెద్ద అక్షరాల్లో రాయించండి. బస్టాండులో రాయిస్తే అందరూ చూస్తారు. కండక్టరుగా చెప్తున్నాను.

11. వకీళ్ల సంఘాలకు, చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. మీ సమస్యలకు మీరు విధులు బహిష్కరించే రోజుల్లో మధ్యంతర మనోవర్తి, ఇంట్లో నివాసం అర్జీలను మినహాయించండి. మూడు రోజుల బహిష్కరణ మీకు మూడు రోజులే. మాకు ఒక్కో రోజూ ఒక నెల అయింది, ఎందుకంటే తర్వాతి వాయిదా నెల తర్వాతే పడింది. ఇంకొకటి: కొట్టేసిన తీర్పులను మళ్లీ చదవకండి.

భర్తల వైపు నుంచి కూడా ఒక మాట. సెక్షన్ 24 కింద ఆదాయం లేని భర్త కూడా మనోవర్తి అడగొచ్చు. నిజంగా జీతం తక్కువ ఉన్నవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు ఉంటారు. అలాంటివారికి కూడా త్వరగా, లెక్క చూసి ఇచ్చిన ఉత్తర్వే మేలు. మూడేళ్ల బకాయి ఒక్కసారి మీద పడితే కట్టలేక జైలుకు పోయేది వాళ్లే. గడువులో తేల్చమని అడగడం ఎవరికీ వ్యతిరేకం కాదు.

ఈ లేఖ కాపీలు పైన రాసిన వారందరికీ రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. జవాబు రాస్తే మా ఊరి పోస్టాఫీసుకు చేరుతుంది. నా నోటుబుక్కు ఎవరైనా అధికారి చూస్తానంటే తీసుకొస్తాను, 23 వాయిదాల తేదీలు, కారణాలు అన్నీ అందులో ఉన్నాయి. 24 నుంచి కొత్త పేజీ మొదలుపెట్టాను. ఇల్లు అర్జీ మీద వచ్చే వాయిదాకు, తొలి బస్సుకు బయల్దేరి, పదిన్నరకల్లా మా పాపతో పాటు కోర్టు దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
మైదుకూరు ప్రాంతం, కడప జిల్లా
మార్చి 2026